రెబెక్క గొంతుకు మైకు

మా రెబెక్క పాట అందుకున్నదంటె కోళ్లు రెండు సొనల గుడ్లు వెట్టేటియి. నవ్వకుండ్రి, కండ్లార జూసిన ముచ్చట జెప్తున్న. రావల్కోల్ పటేలు కోళ్ల ఫారంల మేం ఆలుమొగలం పనిజేసేటోళ్లం. ఆమె షెడ్లు ఊడ్సేది, నేను గుడ్లు ఏరి ట్రాలీ ఆటోల ఏసుకోని మేడ్చల్, కొంపల్లి దుకాండ్లకు ఏసొచ్చేటోన్ని. ఆమె చీపురు వట్టుకోని జర రాగం తీసిందంటె సాలు, కోళ్లన్ని జాలీల కెల్లి మెడలు బయటికి వెట్టి, చర్చిల పెద్దమనుషుల లెక్క సప్పుడు జెయ్యకుండ కూసునేటియి. ఊరి పుంజు ఒకటి గా పాట ఇని మారుమనసు వొంది కొట్లాడుడే ఇడిసివెట్టింది. సచ్చిన ఇంటికాడ ఆమె పాడితె శవం గూడ "ఇంకొక్క చరణం ఇని పోత" అన్నట్టు పండేదట. గా మాట నాది గాదు, మా అమ్మ గంగమ్మది.

ఆమె పాడేటియి పుస్తకంల పాటలు గావు. ఆమెనే కట్టుకునేది. రాసుడు ఆమెకు రాదు, నాకు అసలే రాదు. బియ్యం జెరుగుకుంట ఒకటి, కోళ్లకు నీళ్లు వోసుకుంట ఒకటి కట్టేది. ఆమె పాడినప్పుడు ఉండేటియి, నోరు మూసినంక ఏడికి వోయేటియో ఏమో. వేరేటోళ్లు నేర్చుకోని పాడితె ఉప్పెయ్యని పప్పు లెక్క ఉండేది.

గది రెండువేల నాలుగు ఎండకాలం. గుడ్ ఫ్రైడే నాడు చర్చిల పగటీలి మొత్తం పాడింది. ఇంటికొచ్చి "ఏమయ్యా, మంచినీళ్లియ్యి" అన్నది. ఎవలో మొగోడు అడిగినట్టున్నది. నేను నవ్విన. "నీ గొంతుల మా మామ దూరిండా ఏందే?" అన్న. ఆమె గూడ నవ్వింది. ఈస్టర్ అయ్యింది, ఎలక్షన్ల మైకులు ఊళ్లె ఒర్రి ఒర్రి పోయినయి, ఆమె గొంతు మాత్రం సాఫ్ కాలే. మిరియాలు, తులసాకు, పసుపు పాలు, అన్ని తాపినం. ఒక పొద్దున మంచిగ వచ్చేది, ఎండ ఎక్కేసరికి మల్ల గరగర.

సికింద్రబాద్ల పెద్ద దవాఖానకు తీస్కపోయిన. డాక్టరమ్మ ముక్కుల కెల్లి సన్నటి పైపు ఏసి టీవీల జూపించింది. లోపల రెండు తెల్లటి పొరలు. ఒక దాని మీద శెనగ గింజంత గడ్డ.

"ఈ రెండు ఒకదానికొకటి తాకితేనే మాట వస్తుంది," అన్నది డాక్టరమ్మ. "గడ్డ మధ్యలో అడ్డం పడుతోంది. తీసెయ్యాలి. ప్రాణానికేం భయం లేదు."

"గట్లయితె మంచిదే గద మేడమ్," అన్న నేను. "తియ్యుండ్రి, దాన్ని తీస్కపోయి కోళ్లకేస్త."

డాక్టరమ్మ నవ్వలే. రెబెక్క నా షర్టు పట్టి గుంజింది. తానే అడిగింది. "పాట ఉంటదా అమ్మా?"

డాక్టరమ్మ చేతుల గ్లౌజులు తీసేసింది. "మాట వస్తుంది. ఎలాంటి మాట వస్తుందో ఇప్పుడే చెప్పలేను. పాట మీద ఆశ పెట్టుకోకమ్మా. వానలు పడ్డాక ఆపరేషన్ పెట్టుకుందాం. అప్పటిదాకా అరవొద్దు, ఎక్కువ మాట్లాడొద్దు. గుసగుసలు కూడా వద్దు, వాటితో ఇంకా పాడవుతుంది."

వాపసొచ్చెటప్పుడు ఆటోల బోయినపల్లి కెల్లి కొంపల్లి దాటేదాంక నేను నోరు ముయ్యలే. ఒక కోడి రెండు కాళ్లకు చెప్పులేసుకోని మేడ్చల్ సంతకు వోయిన కత జెప్పిన. నోరు మూస్తె భయం వచ్చి మా ఇద్దరి నడుమ కూసుంటదని ఊకె ముచ్చట్లు వెట్టిన. గుండ్లపోచంపల్లి కాడ ఆమె నా మోకాలు మీద చెయ్యి వెట్టింది. గప్పుడు ఆపిన. భయం వచ్చి కూసున్నది.

రెబెక్క తమ్ముడు గిడియోన్. మేడ్చల్ల డిగ్రీ సదువుకుంట చర్చిల కీబోర్డు వాయించేటోడు. ముచ్చట ఇని "బావ, అక్క గొంతు ఉన్నప్పుడే పట్టి వెడ్దాం" అన్నడు.

"కోడినారా, గంప కింద మూసి పట్టనీకి?"

"రికార్డింగు బావ. పాటలన్ని."

"గదే గద, సిటీల స్టూడియోలు మస్తున్నయి, తీస్కపోదాం."

"స్టూడియోలోడు గంటకింతని గుంజుతడు. అక్క గొంతు ఎప్పుడొస్తదో అక్కకే తెల్వది. ఒక పొద్దున వస్తది, చాయ్ తాగే లోపల పోతది. వాడు మన కోసం కూసుంటడా? గొంతు స్టూడియోకు పోదు బావ. స్టూడియోనే మనింటికి రావాలె."

గిట్ల మొదలైంది. బర్రెను అమ్మినం. బర్రె పైసలల్ల ఎంత సామాను వడ్తదో గంతే కొనాలె, అంతకు మించి లేదు. మా అమ్మ బర్రె తాడు వట్టుకోని ఏడ్సి, "పాలిచ్చేది పోయి ఇనుపది వస్తాంది ఇంట్లకు" అన్నది.

ముందుగాల మేడ్చల్ల మైకు సెట్ల చక్రపాణి దుకాణంకు వోయినం. పెండ్లిళ్లకు, సభలకు గాయన మైకులే. ఎలక్షన్లల్ల అన్ని తిరిగి తిరిగి వచ్చి మూలకు వడ్డయి. ఒక మైకు దులిపి నా చేతుల వెట్టిండు. మీద ఎవలివో పాన్ మరకలు.

"తీస్కోరా ఏలియా. గీ మైకు ముంగట నిలవడి మాట్లాడినోడు ఓడిపోయిన ముచ్చట లేదు."

గిడియోన్ అటు ఇటు తిప్పి జూసిండు. "అన్న, గిది ఒర్రనీకి. మాకు పాడనీకి గావాలె."

"పాటంటె ఏందిరా? తాళం తోని ఒర్రుడే గద!"

కోఠికి వోయినం. గుజరాతి గల్లీల ఒక దుకాణం, ఇద్దరు పక్కపక్కన నిలవడితె మూడోడు బయటనే. సేటు పేరు ప్రతాప్. తెలుగు హిందీ కలిపి మాట్లాడేటోడు. రెండు మైకులు బల్ల మీద వెట్టిండు. ఒకటి నల్లది, బండరాయి లెక్క. ఇంకోటి ఎండి చెంబు లెక్క మెరుస్తాంది.

"యే నల్లది మొండిది. కింద వడ్డా ఏం గాదు. నోటికి దగ్గర వెట్టుకోని గట్టిగ పాడాలె. పక్కన ఏం సప్పుడైనా పట్టదు. ఔర్ యే, నాజూకుది. మూరెడు దూరం నుంచి ఊపిరి తీసుకున్నా వడ్తది. లేకిన్ దీనికి కరెంటు తాపనీకి వేరే డబ్బ గావాలె. గోడ అవుతల కుక్క మొరిగినా ఇంటది."

"గట్లయితె మొండిదే ఇయ్యి సేటు," అన్న నేను. "మా ఇంటెనక కోళ్ల షెడ్డున్నది. నాజూకుది కొంటె కోళ్లన్ని కోరస్ పాడ్తయి."

గిడియోన్ ఊకోలే. "బావ, అక్క గట్టిగ పాడద్దు గద."

ఎంతసేపు దుకాండ్ల తిరిగినా, గా ఒక్క మాట మర్సిపోయిన నేను. ఎండి చెంబును చేతులకు తీస్కున్న. సల్లగున్నది.

"సూసి తీస్కోండ్రి," అన్నడు సేటు. "పాడెటామెను తీస్కొస్తె తెలుస్తది."

ఎట్ల తీస్కొస్తం? ఒక్క పాటకు ఎంత గొంతు ఖర్సైతదో ఎవలికి తెల్వది. దుకాణంల పారేసుకోనికి పాటలు లెవ్వు. అందుకోసమని నేనే పాడిన. ఆడి గొంతు వెట్టి, కండ్లు మూసుకోని, రెబెక్క రాగమే అందుకున్న. గల్లీల పోయెటోళ్లు నిలవడ్డరు. ఒక ముసలామె రూపాయి బిళ్ల తీసి బల్ల మీద వెట్టిపోయింది. సేటు పొట్ట వట్టుకోని నవ్విండు. గిడియోన్ చెవులకు డబ్బలు, గదే హెడ్‌ఫోన్లు, వెట్టుకోని వినుకుంట వినుకుంట, ఎందుకనో గోడ దిక్కు తిరిగిండు.

నాజూకుదే తీస్కున్నం. దానికి కరెంటు తాపే డబ్బ తీస్కున్నం. పెద్ద స్పీకర్లు గావాల్నా అన్నడు సేటు. స్పీకర్లు కొంటె వాడకట్టంత ఇంటది, చెవుల డబ్బలు కొంటె ఒక్కడే ఇంటడు. బర్రె పైసలు ఒక్కడికే సరిపోయినయి. కంప్యూటరు మాత్రం గిడియోన్ దోస్తు శ్రవణ్ అని కొంపల్లి పోరడు, కొత్తది కొన్కోని పాతది ఇచ్చిండు. దాని లోపలి ఫ్యాను ట్రాక్టరు లెక్క మోగుతాంది. అందుకే కంప్యూటరును వసారాల వెట్టి, కిటికీల కెల్లి వైరు లోపలి అర్రకు గుంజినం. మైకు లోపల, గిడియోన్ బయట.

మైకును స్టాండుకు బిగించినం. రెబెక్క గడప కాడనే నిలవడి జూసింది. లోపలికి రాలే.

"జూడు, ఎట్ల మెరుస్తాందో," అన్న నేను.

"అది నన్నే జూస్తున్నట్టున్నదయ్యా," అన్నది మెల్లగ.

"గది చూడదే పిచ్చిదాన, ఇంటది."

"మీరు పట్టి వెట్టుకుంటున్నరంటె, పోతదని ఒప్పుకున్నట్టే గద?"

నేనేదో జోకు ఏద్దామని నోరు దెరిసిన. అండ్ల ఏం లేకుండె. ఆమె ఒక దస్తీ తెచ్చి మైకు మీద కప్పి పోయింది.

నాజూకు మైకు తెచ్చినమంటె ఇగ అర్రను గూడ నాజూకు జెయ్యాలె. ఒత్తి గోడలైతె పాట తలిగి వాపసొస్తదట, బావిల ఒర్రినట్టు. దానికి గోడలకు గుడ్ల అట్టలు అంటివెడ్తరని గిడియోన్ ఎవలి కాడనో ఇన్నడు. గుడ్ల అట్టలంటె మా కాడ గాక ఇంకెవరి కాడుంటయి? ఫారంల కుప్పలు కుప్పలు వడున్నయి, అట్టవి, పాతవి, పుక్యానికి. పటేలును అడిగితె "తీస్కపోరా, జాగ కలుస్తది" అన్నడు. ట్రాలీ నింపుకోని వచ్చిన. మా అమ్మ మైదా పిండి ఉడికించింది. రెబెక్క గూడ కూసోని అట్టలకు పూసింది. నలుగురం కలిసి గోడలకు, తలుపుకు, మీద కప్పుకు గూడ అంటించినం. గా అర్రల నిలవడితె పెద్ద కోడి కడుపుల నిలవడ్డట్టుండె. చప్పట్లు కొట్టి జూసినం. సప్పుడు దూదిల వడ్డట్టు వడిపోయింది. గిడియోన్ ఎగిరిండు.

"బావ, సిటీల గూడ లేదు గిసోంటిది!"

మరునాడు పొద్దుగాల్నే రెబెక్క గొంతు సాఫ్గొచ్చింది. సైగ జేసింది. దస్తీ తీసినం. ఫ్యాను బందు జేసినం, కిటికీ మూసినం, తలుపేసినం. లోపల ఆమె ఒక్కతే. వసారాల గిడియోన్ చెవుల డబ్బలు వెట్టుకోని కూసున్నడు, నేను వాని ముంగట.

నాకు ఒక్క సప్పుడు వినవడలే. గిడియోన్ మొకమే నాకు రేడియో. మొదలు కండ్లు పెద్దగైనయి. పెదవుల మీద నవ్వొచ్చింది. అయిదు వేళ్లు విప్పి నాకు జూపించిండు, ఆగు బావ, వస్తాంది అన్నట్టు.

గంతల్నే గా మొకం మారింది. పామును తొక్కినోని లెక్క. చెవుల డబ్బలు గుంజి పారేసి లేసిండు.

తలుపు దెరిస్తె రెబెక్క గోడ వట్టుకోని దగ్గుతాంది. ఆగని దగ్గు. కండ్లెర్రగైనయి, మెడ నరాలు తేలినయి. ఆమె చెయ్యి తాకిన కాడల్ల అట్టల నుంచి సన్నటి పొడి రాలుతాంది, కోళ్ల రెట్ట ఎండింది, దాణా పొడి, ఈకల నూగు. మూసిన అర్రల గదంత గాలిల తేలుతాంది. ఆమె మెడ మీద కోడిపేలు పాకుతున్నయి.

మా అమ్మ ఉరికొచ్చి కోడలును బయటికి గుంజింది. "ఓరి మీ అర్ర కాల! ఫారంల పెంటంత తెచ్చి పిల్ల నోట్లె వోస్తరారా!"

నీళ్లు తాపినం. ఉమ్మేసింది. ఉమ్ముల నూలు పోగంత ఎరుపు. నలుగురం జూసినం.

ఇగ గప్పటి నుంచి గొంతు పోయింది. గరగర గూడ లేదు. నోరు దెరిస్తె గాలి. దవాఖానకు పోతె డాక్టరమ్మ తిట్టి, మందులిచ్చి, "ఒక్క మాట మాట్లాడినా నా దగ్గరికి రాకండి" అన్నది. అట్టలన్ని గీకి పెరట్ల కాలవెట్టినం. గా పొగ గూడ ఆమె దిక్కు పోకుండ నేను చాట వట్టుకోని నిలవడి ఇసిరిన.

మే నెల ఎండలు. షెడ్డుల కోళ్లు ఎండదెబ్బకు పడి సస్తుంటె రేకుల మీద నీళ్లు కొట్టుకుంట ఉంటిమి. దుండిగల్ దిక్కు నుంచి నడుపుడు నేర్చుకునేటోళ్ల విమానాలు నెత్తి మీదికెల్లి బర్రున పోతుంటయి. పొద్దుపొద్దున రెబెక్క పెరటి గడపల నిలవడి నోరు దెరిసేది. నేను బ్రష్ నోట్ల వెట్టుకోని ఆమెనే జూసేటోన్ని. గిడియోన్ వాకిట్లకు వచ్చి నిలవడేటోడు. మా అమ్మ పొయ్యి ఊదుడు ఆపేది. జరసేపు అట్లనే నిలవడి, ఆమె తల అడ్డంగ ఊపి చీపురు అందుకునేది. అందరం మల్ల పనులల్ల వడేటోళ్లం, ఏం జూడనట్టే.

నాకు ముచ్చట్లు బందైనయి. దినాం నా కోళ్ల కతలు ఇనే కొంపల్లి దుకాణపోడు "ఏం ఏలియా, నీ కోళ్లు ఇయ్యాల ఏడికి వోయినయి?" అని అడిగితె "ఏడికి వోలే, షెడ్డుల్నే ఉన్నయి" అన్న. వాడు పరేషాన్ అయ్యిండు.

ఒక మాపటి జాము గిడియోన్ అన్నడు, "బావ, మైకు వాపసిచ్చేద్దామా? అక్క గా అర్ర ముంగట కెల్లి నడుస్తనే లేదు. సుట్టు తిరిగి పెరట్లకు వోతాంది."

"సేటు తీస్కుంటడా?"

"అడుగుత."

"మల్ల గొంతొస్తె?"

గిడియోన్ గోరు కొరుక్కున్నడు. "రాకపోతె బావ? గింత ఖర్సు వెట్టి, గింత జేసి... మనమే ఉన్నదాన్ని పాడు జేసినమా?"

నేను గా మాట కోసమే భయపడ్తున్న. వాడు అనెయ్యంగనే ఇల్లంత గా మాటే నిండినట్టైంది. వంటింట్లకెల్లి మా అమ్మ బయటికొచ్చింది. చేతులు కొంగుకు తుడ్సుకుంట, "మీరు ఏడ్సింది సాలు తియ్యుండ్రి," అన్నది. "సందుగల బొంతలున్నయి. పాత చీరెలు ఉతికి కుట్టినయి, దుమ్ము లేదు ధూళి లేదు. అవి కట్టుండ్రి గోడలకు. వస్తె వస్తది, రాకుంటె బొంతలే గద, చలికాలం కప్పుకుంటం."

మా అమ్మ బొంతలు మల్లొకసారి ఉతికింది. ఎండల ఆరేసి, కట్టెతోని కొట్టి కొట్టి పిప్పి జేసింది. గోడలకు మేకులు కొట్టి దండాల మీద చీరెల లెక్క ఏలాడేసినం. చప్పట్లు కొట్టి జూసినం. సప్పుడు మల్ల దూదిల వడ్డది. ఈసారి ఎవ్వలం ఎగురలే.

జూన్ల మొదటి వాన ఒక రాత్రంత కొట్టింది. తెల్లారి సల్లగున్నది. మబ్బుకు విమానాలు ఎగురలే. షెడ్డుల కోళ్లు గూడ తడిసిన వాసనకు ముడుసుకోని కూసున్నయి. నేను ఆటో తుడుస్తుంటె ఎవలో భుజం తట్టిండ్రు. రెబెక్క. గొంతు కాడ రెండు వేళ్లు వెట్టుకోని, నన్ను చూసి కండ్లతోనే అన్నది. ఉన్నది.

నేను గిడియోన్ ఇంటికి ఉరికిన. చెప్పులు తొడుక్కోలే. వాడు లుంగీ మీదనే వచ్చిండు. కంప్యూటరు మెల్లగ మెల్లగ తెరుసుకుంటాంది, మాకు పానం పోతాంది. కరెంటు పోతదేమో, గొంతు పోతదేమో. రెబెక్క మాత్రం బొంతల అర్రల నిలవడి, తన చేత్తోని దస్తీ తీసి మడత వెట్టి పక్కన వెట్టింది. నాజూకు మైకుకు మూరెడు దూరంల నిలవడ్డది. తలుపేసినం.

మల్ల గిడియోన్ మొకమే నా రేడియో. ఈసారి గా మొకం ఏం జెయ్యలే. కండ్లు మూసుకున్నడు, అంతే. కండ్ల కెల్లి నీళ్లు కారుతుంటె తుడ్సుకోనీకి గూడ చెయ్యి లేపలే, సప్పుడైతదని భయం. ఒక పాట అయ్యింది. ఇంకోటి. మధ్యల ఆగింది, నీళ్లు తాగినట్టుంది, మల్ల అందుకున్నది. వంటింట్ల మా అమ్మ గిన్నె ముట్టకుండ కూసున్నది. నేను వాకిట్ల నిలవడి, రోడ్డు మీద పోయెటోళ్లకు చేతులు ఊపుకుంట, హారన్ కొట్టొద్దని దండం వెట్టిన. ఆమెకు గుర్తున్న పాటలన్ని పాడినంకనే తలుపు దెరుసుకున్నది. చెమటకు జాకిటంత తడిసింది.

"అయ్యిందా?" అన్నది. గొంతు అప్పటికే గరగర.

"అక్క, మొత్తం వచ్చింది! ఊపిరి గూడ వచ్చింది! ఇనుండ్రి!" గిడియోన్ ఆమె చెవులకు డబ్బలు తొడిగిండు. నొక్కిండు.

ఆమె మొకమే జూస్తున్న నేను. జరసేపు ఊకె ఇన్నది. నుదురు ముడివడ్డది. నా దిక్కు జూసింది, గిడియోన్ దిక్కు జూసింది.

"గిదెవలు?"

"నువ్వే అక్క!"

"నేను గాదు."

గిడియోన్ కు చెమటలు వట్టినయి. వైరు పీకి మల్ల వెట్టిండు. డబ్బ మీద గుండీలు తిప్పిండు. మొండిదే కొనాల్సుండెనేమో. కోఠి సేటు మోసం జేసిండేమో. గొంతంత ఊడ్సి వేరే ఎవలి గొంతో పట్టుకొచ్చిందేమో గీ ఎండి చెంబు. ఇగ ఇంకోసారి పాడుమనే ధైర్యం ఎవలికున్నది?

నేను డబ్బలు గుంజుకోని వెట్టుకున్న. ఇన్న. రెబెక్కనే. షెడ్డుల, చర్చిల, సచ్చిన ఇండ్లల్ల నేను ఇన్న రెబెక్కనే. మా అమ్మకు ఇచ్చిన. ఆమె ఇని కొంగు నోటికి అడ్డం వెట్టుకున్నది. "నీ గొంతేనే బిడ్డా. నాకు తెల్వదా?"

"గట్లుంటదా నాది?" అన్నది రెబెక్క. "గింత సన్నగనా? ఇన్నొద్దులు మీరు విన్నది దీన్నా?"

ఆమె ఎన్నడు తన పాట తాను పక్కన నిలవడి ఇన్నది లేదు. మా ఇంట్ల టేపు లేకుండె. చర్చి మైకుల పాడినా పాడుకుంట ఇన్నదే. గిడియోన్ నన్ను గూడ మైకుల మాట్లాడిపిచ్చి వినిపిచ్చిండు. నేను గూడ బెదిరిన. ఎవడో మేక మెడ వట్టుకోని మాట్లాడుతుండు.

"అందరికి గంతే అక్క," అన్నడు గిడియోన్. "మన గొంతు మనకు లోపల కెల్లి వినవడ్తది. బయటోళ్లకు వేరే."

రెబెక్క వసారా గడప మీద కూసున్నది. రెండు అరచేతులతోని చెవులు గట్టిగ మూసుకున్నది. పెదవులు మూసి సన్నగ రాగం తీసింది. మాకు జుమ్మని ఈగంత సప్పుడు. ఆమె మొకం మాత్రం వెలిగింది, మస్తు దినాలకు ఇంటి మనిషిని జూసినట్టు.

"గిక్కడున్నది నాది," అన్నది చేతులు తీయకుండనే. "మీది దొరికింది మీకు, మంచిదే. నాదానికి మైకు ఏడ వెడ్తర్రా గిడియోన్?"

గసోంటి మైకు కోఠిల గూడ లేదు.

ఆపరేషన్ అయ్యింది. గడ్డ మంచిదే, క్యాన్సర్ గాదన్నరు, మల్ల రాదన్నరు. గాయం మానేదాంక ఒక్క మాట వద్దన్నరు. ఇంట్ల ఆమె చప్పట్లు కొట్టి పిలిసేది. ఒక చప్పటైతె నేను, రెండైతె మా అమ్మ. నేను రెండు చప్పట్లకు గూడ ఉరికేటోన్ని. గిడియోన్ పాటలన్ని సీడీల ఎక్కించిండు. చర్చిల వినిపిస్తె అందరు ఏడ్సిండ్రు. ఆమె గప్పుడు బయటికి లేసిపోయి చెప్పులు సదురుకుంట కూసున్నది.

డాక్టరమ్మ ఇగ మాట్లాడొచ్చన్న దినం వాన సన్నగ వడ్తాంది. వసారాల అందరం కూసున్నం. గిడియోన్ మైకును బయటికి తెచ్చి ఆమె ముంగట నిలవెట్టిండు, మొదటి మాట పట్టి వెడ్దామని. ఆమె దాన్ని లేగదూడను జరిపినట్టు చేత్తోని పక్కకు జరిపింది. చెవులు రెండు మూసుకున్నది. కండ్లు మూసుకున్నది.

మాకు వినవడ్డది దాణా బస్తను సిమెంటు గచ్చు మీద ఈడిసినట్టున్నది. గంతే. మా అమ్మ మొకం గోడ దిక్కు తిప్పుకున్నది. గిడియోన్ నేల జూసిండు. ఆమె ఆపలే. తల జర జర ఊపుకుంట, గా ఈడ్సుడు సప్పుడు తోనే చానసేపు రాగం తీసింది.

కండ్లు దెరిసి మమ్ముల జూసింది.

"ఏందిరా, ఎవలన్న సచ్చిండ్రా?" అన్నది, గా బస్త గొంతు తోనే. "లోపల మంచిగనే ఉన్నది."

మల్ల చెవులు మూసుకున్నది.